చేదు తెలిసినవాడు

ఉదయగిరికి నాలుగు మైళ్ల అవతల పల్లెలో, కంది చేను కోస్తుండగా పోలేరయ్యను పాము కరిచింది. భార్య ఓబమ్మ తలగుడ్డ చించి మోకాలి కింద కట్టి, పాముకాటుకు వైద్యం చేసే శీనయ్య ఇంటికి నడిపించుకొచ్చింది.

శీనయ్య గుప్పెడు వేపాకు పోలేరయ్య నోట్లో పెట్టాడు.

"నమలరా. ఎట్టుండాది?"

"చేదుగా ఉండాది."

"చేదు తెలస్తా ఉంటే విషం ఎక్కనట్టే. ఇంటికి పో," అని కట్టు విప్పేశాడు.

ఓబమ్మ మగడి కాలు చూసింది. పిక్క దాకా వాచిపోయింది. పళ్ల సందుల్లోంచి ఆకు పసరుతో పాటు నెత్తురు కారుతోంది.

"నెత్తురు పడతా ఉంటే విషం లేదంటావేంది మామా?"

"ఆకు ఈనె గీసుకునుంటాది. నలబై ఏండ్లుగా చూస్తా ఉండా. ఆకు ఏనాడూ తప్పలా."

"పాము కరిచినప్పుడు మా చెల్లెలు వెంగమ్మకీ చేదే గదా తెలిసింది! సాయంత్రానికి పోయింది."

"అది ఆయుస్సు తీరి పోయినాది. ఆకేం చేస్తాది?"

ఓబమ్మ అతని కాళ్ల ముందు ఉమ్మింది. బండి తోలమంటే, పక్కింటి పెంచలయ్య శీనయ్యకు జడిసి రానన్నాడు. తనే ఎద్దులను కట్టి ఉదయగిరి ఆసుపత్రికి తోలింది. కరిచింది రక్తపింజరని డాక్టరు చెప్పి సూదులు వేశాడు. రెండు కాలి వేళ్లు కుళ్లితే తీసేశారు. మనిషి బతికాడు.

నెల తర్వాత ఊరికి వస్తే, టీ అంగడి దగ్గర శీనయ్య నలుగురికీ చెబుతున్నాడు.

"విషం లేదన్నాను. బతికినాడా లేదా?"

"చస్తే ఆయుస్సు, బతికితే నీ ఆకా?" అని అరిచింది ఓబమ్మ.

జనం నవ్వారు. పోలేరయ్య తల వంచుకుని, "పెద్దాయన చెప్పినట్టే అయింది గదా, ఊరుకోవే," అన్నాడు.

"మరి నీ వేళ్లు ఎవురు తిన్నారు?"

ఆ రోజు నుంచి ఆమె అతనికి కంచంలో కూడు పెట్టేదే తప్ప మాట్లాడలేదు.

వానలు పడ్డాక అదే ఊళ్లో కామమ్మ అనే ముసలామెను పాము కరిస్తే, కొడుకులు శీనయ్య ఇంటికే మోసుకొచ్చారు. ఓబమ్మ కొడవలి పట్టుకుని గడపకు అడ్డం నిలబడింది. తిట్టుకుంటూనే వాళ్లు కామమ్మను ఆసుపత్రికి తీసుకుపోయారు. అది విషం లేని పామని చెప్పి డాక్టరు మర్నాడే పంపేశాడు.

ఊరంతా ఓబమ్మ మీదికి వచ్చింది.

"నా దగ్గరైతే గడియలో తేలేది!" అన్నాడు శీనయ్య.

"ఈసారి పాము మంచిది. నీ ఆకు కాదు."

శీనయ్య కర్ర ఎత్తాడు. ఓబమ్మ కదల్లేదు.