జింకు పలకల మీద రంగు

మా ఆయన వెయిక్కో గుండె జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న నెలలో పడవ అడుగుకు నేనే రంగు వేశాను. ఆయన గుండెకు పేస్‌మేకర్ మిషన్ పెట్టించుకుని వచ్చాక ఇద్దరం వేటకు వెళ్తే, మూడు రోజులకు రెండే సాల్మన్ చేపలు పడ్డాయి. ఉప్పునీళ్ళలో పడవ ఇనుము వల్ల గాలపు తీగలో పుట్టే సన్నటి కరెంటు సరిగా ఉంటేనే చేప వస్తుందని మా ఊరు సొయింతులాలో అందరి నమ్మకం.

"నా గుండెలో మిషనే ఆ కరెంటును చెడగొడుతోంది ఇర్యా. రేపట్నుంచి నువ్వొక్కదానివే వెళ్ళు," అన్నాడు.

"నోర్ముయ్యవయ్యా! నలభై ఏళ్ళలో ఇంట్లో ఒక్క బల్బు మార్చలేదు, ఇప్పుడు సముద్రాన్ని చెడగొడతావా?"

ఆటుకు నీళ్ళు తగ్గి పడవ ఇసుక మీద ఆనగానే, అసలు లోపం ఎక్కడుందో చూద్దామని దాని కిందికి దూరాను. అడుగున బిగించిన, కరెంటును అదుపులో ఉంచే జింకు పలకలకు కూడా ఆ నెలలో నేను రంగు పూసేశాను! రంగు పడితే అవి ఎందుకూ పనికిరావు. అయితే ఒక పలక మూల కత్తితో గీకిన గీతలు అప్పుడే కనిపించాయి.

"ఎప్పుడు చూశావు?" అని కేకేశాను.

"మొన్న."

"మరి తప్పు నీ మిషన్‌దని ఎందుకు అబద్ధమాడావు?"

ఒడ్డున నిలబడి తల గోక్కున్నాడు. "ఎంత నీటుగా వేశావో! గీకడానికి మనసొప్పలేదు."