బండ మొక్క, బురద మొక్క

మా ఎండుమొక్కల గదిలో నేను మొక్క అతికించిన అట్ట ఒక్కటీ ఉబ్బెత్తుగా ఉండదు. ఇరవై రెండేళ్లుగా నా మిడిసిపాటంతా దాని మీదే. మొక్కలు ఏరుకొచ్చేవాడు మా అక్క మొగుడు. తెచ్చినవి నా బల్ల మీద పడేసి, మళ్లీ కొండలూ గుంటలూ పట్టుకు పోయేవాడే తప్ప అతికించాక చూసేవాడు కాదు.

రెండు మొక్కలంటే బావకు పిచ్చి. ఒకటి ఎండిన బండ నెర్రెల్లో పూస్తుంది, ఇంకొకటి మోకాలి లోతు బురదలో. రెండిటిదీ ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి. ఆకూ పువ్వూ అచ్చు గుద్దినట్టుంటాయి. అయినా జాతులు రెండంటాడు. "కవలల్ని చూసినా నీకు అనుమానమే బావా," అని ఏడిపించేవాణ్ణి.

ఈ ఏడు గోదాములు కట్టడానికి ఆ బురదనేల పూడ్చడం మొదలుపెట్టారు. ఆ మొక్క ఇంకెక్కడా లేదు. కంచె వేసి ఎవర్నీ, బావను కూడా లోపలికి రానివ్వలేదు. బావ వాళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే చివరికి ఒక మాటన్నారు. అది ప్రత్యేక జాతి అని మా పెద్ద మేడం అట్టలు చూసి రాసిస్తే పని ఆపుతారట. బండ మొక్కే అని తేలితే మిగతాదీ పూడ్చేస్తారు.

మేడం రెండిటివీ ఆరేసి చొప్పున పన్నెండు అట్టలు పరిచి, భూతద్దం పెట్టి చూసింది. "నాకు తేడా కనబడలేదండీ."

"కింద వేళ్లు చూడండి మేడం," అన్నాడు బావ హుషారుగా. "బండదానికి పీచే. బురదదానికి నిమ్మకాయంత దుంప ఉంటుంది."

బండ మొక్కల పీచు అలాగే ఉంది. బురద మొక్కలు ఆరూ మొదలు దగ్గరే తెగిపోయి ఉన్నాయి.

"ఎలుకలు గానీ పడ్డాయేంట్రా?"

"నేనే కోశాను బావా. దుంపుంటే అట్ట సాపుగా కూర్చోదని."

"అన్నీనా?"

"అన్నీ."

నా మాట రాసుకోమని మేడంను బతిమాలాను. కంటికి కనబడనిది రాయలేనంది.

"కోసినవి ఏం చేశావు?" అన్నాడు బావ.

"పెరట్లో గోడ పక్కన పారబోసేవాణ్ణి."

బావ గబగబా పెరట్లోకి నడిచాడు. వెనకే నేనూ పరిగెత్తాను. గోడ పక్కన కంకర నేల కాలిపోతోంది. పలుగు తెస్తానన్నాను. నాకింకా ఆశ చావలేదు. బావ వంగి గుప్పెడు మట్టి తీశాడు. అది పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది.

"వద్దులేరా," అన్నాడు. "బండదైతే ఈపాటికి ఇక్కడ గుబురు కట్టేది. ఇది బురద లేకపోతే వారం కూడా బతకదు."