చెరువు మకాంలో రెండో రౌటరు

పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన ఆరేళ్ళలో ఇందుజ భయపడగా ఎవరూ చూడలేదు. వంటింట్లోకి పాము వస్తే కర్ర తెమ్మని అడిగిందే గాని మంచమెక్కలేదు. ఇంత మొండితనం ఎక్కడి నుంచి తెచ్చుకున్నావే అని అత్తగారు కామేశ్వరి నవ్వుతూనే దెప్పుతుండేది. ఆ మొండితనమే ఆమె చేత రెండో రౌటరు కొనిపించింది.

పెదపాడు దాటి కొల్లేటి వైపు పోయే దారిలో వాళ్ళ ఇల్లు. ఇంటి వెనకే మురుగుకాలువ, కాలువకి అవతల రొయ్యల చెరువు, చెరువు గట్టు మీద కాపలాకి రేకుల మకాం. పెరట్లో నిలబడి చూస్తే మకాం ఇదిగో అన్నట్టే ఉంటుంది, తిన్నగా కొలిస్తే తొంభై మీటర్లు లేదు. మనిషి వెళ్ళాలంటే మాత్రం దిగువనున్న వంతెన దాకా పోయి, అవతలి గట్టు పట్టుకుని మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. చురుగ్గా నడిచినా ఏడెనిమిది నిమిషాలు పడుతుంది.

ఇందుజ భర్త చరణ్‌తేజ తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేస్తూ సాయంత్రం రైలుకి వస్తాడు. పగలంతా చెరువు చూసేది మామగారు బుచ్చిబాబు. ముసలాయనకి శ్రమ తప్పుతుందని నిరుడు చరణ్‌తేజ ఒక ఆటో బాక్సు కొని మకాంలో బిగించాడు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే చెరువులో నీళ్ళు చిలికి గాలి కలిపే నాలుగు ఏరియేటర్ల చక్రాలనీ అదే తిప్పుతుంది, పెరిగితే అదే ఆపుతుంది. అయితే దానికి సొంత బుర్ర లేదు. చెరువు సంగతి నెట్లో ఎక్కడికో పంపుతుంది, అక్కడి కంప్యూటరు తిప్పమంటే మూడు నిమిషాలు ఆగి తిప్పుతుంది. నెట్ లేకపోతే ఉలకదు, పలకదు.

పది రోజుల కిందట పెరట్లో గేదెలకి కొత్త రేకుల పాక వేయించారు. ఆనాటి నుంచి ఇంట్లో రౌటరు సిగ్నలు కాలువ దాటడం మానేసింది, బాక్సు మూగబోయింది, దాని పక్కనున్న చెరువు కెమెరా నల్లబడింది. ఇక చేత్తో తిప్పుకోవడమే. బాక్సు పక్కన ఒక పిడి ఉంది. మాన్యువల్ వైపు తిప్పితే ఏరియేటర్లు తిరుగుతాయి. ఆపే ఎర్ర బటను ఎండకి పగిలి ఎప్పుడో ఊడిపోయింది. దాంతో ఆపాల్సి వచ్చినప్పుడల్లా గోడకున్న మెయిన్ హ్యాండిల్ దించాలి. తుప్పు పట్టిన ఆ హ్యాండిల్ ఓ పట్టాన దిగదు, దిగితే మకాంలో ఫ్యానూ ఆగిపోతుంది. మామగారు దానితో కుస్తీ పట్టడం చూసి ఇందుజే ఉపాయం చెప్పింది.

“ఎందుకండీ మామయ్యగారూ, అంత అవస్థ. ఆటో ఎలాగూ చచ్చిపోయి ఉంది కదండీ. పిడి ఆటో వైపు తిప్పేయండి, అవే ఆగిపోతాయి.”

కోడలి తెలివికి బుచ్చిబాబు మురిసిపోయాడు. పది రోజులుగా ఆ ఇంట్లో అందరికీ ఆటో అంటే ఆపడమే.

రౌటరు సంగతికొస్తే, మొదటి రోజు అది ఇంటిల్లిపాదినీ ఏడిపించింది. కాలువ మీదుగా నీలం తీగ లాగి రెండింటినీ కలపగానే మకాంలోకి నెట్ రాకపోగా ఇంట్లో ఉన్నదీ పోయింది. భీమడోలులో ఉండే నెట్ మనిషి జాషువా ఫోన్లో అంతా విని నవ్వాడు.

“రెండూ ఒకే నంబరు పెట్టుకుని కూర్చున్నాయి మేడం. పైగా ఫోన్లకి నంబర్లు పంచే పెద్దరికం రెండూ చేస్తున్నాయండి. ఇంట్లోదాన్ని ముట్టుకోకండి. మకాంలోదాని నంబరు మార్చి, పంచే పని మాన్పించేయండి. పేరూ పాస్‌వర్డూ మాత్రం ఇంట్లోదానివే పెట్టండి. తీగ ఆఖర్న పెట్టండి.”

మర్నాడు పొద్దుట్నుంచీ ముసురు. గాలి ఆడడం లేదు, ఎండ లేదు. అలాంటి రోజున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని రొయ్యల చెరువున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఏరియేటర్లు తెల్లారినప్పటి నుంచీ హోరుమని తిరుగుతూనే ఉన్నాయి. భోజనాలయ్యాక ఇందుజ మకాంలో కూర్చుని జాషువా చెప్పినవన్నీ ఒక్కొక్కటే మార్చింది. పక్కన మంచం మీద మామగారు మొహాన తువ్వాలు కప్పుకుని గుర్రు పెడుతున్నాడు. ఆయన్ని లేపకుండా, ఇక ఇంటి దగ్గర తీగ కొస పెట్టడమే మిగిలిందనుకుంటూ బయలుదేరింది.

వంతెన మీదికి వచ్చేసరికి వెనకాల హోరు ఆగిపోయింది. చెరువు లైనుకి కరెంటు పోవడం కొత్తేమీ కాదు గనక ఆమె తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చి తీగ కొస రౌటరులో దోపింది. చిన్న పచ్చదీపం వెలిగింది. బల్ల మీద పాత ట్యాబ్ ఉంది. అందులో పది రోజులుగా నల్లగా ఉన్న చెరువు కెమెరా గళ్ళు గళ్ళుగా మొదలై తేటపడింది. ఇందుజకి ప్రాణం లేచొచ్చినట్టయింది. “అత్తయ్యగారూ, రండి, చెరువు కనబడుతోంది,” అని వంటింట్లోకి కేకేసింది.

కామేశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చి కళ్ళజోడు సర్దుకుంది. “ఎంత బాగుందే, సినిమాలా ఉంది,” అంది. కాసేపు చూసి వేలు పెట్టి చూపించింది. “ఆ నీళ్ళలో ఉన్నది మీ మామయ్యగారు కాదూ?”

ఇందుజ వంగి చూసింది. చెరువు నడిమధ్య, రెండో ఏరియేటరు దగ్గర, రొమ్ము లోతు నీళ్ళలో బుచ్చిబాబు నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చక్రంలోకి మోచేతుల దాకా పోనిచ్చి, రెక్కలకి చుట్టుకున్న నాచూ వలపీలికలూ లాగుతున్నాడు. చొక్కా గట్టు మీద ఉంది, ఫోను ఆ చొక్కా జేబులోనే ఉండుంటుంది.

కరెంటు పోలేదు. కరెంటు పోతే మకాంలో రౌటరు వెలగదు, కెమెరా పలకదు. హోరు ఆపింది ఆయనే. మెలకువ వచ్చి, చక్రం బరువుగా తిరుగుతుండడం చూసి, కోడలు నేర్పినట్టే పిడి ఆటో వైపు తిప్పి నీళ్ళలో దిగాడు.

ఆమె కళ్ళు ట్యాబ్ అడుగుకి దిగాయి. ఆక్సిజన్ రెండున్నర. ఏరియేటర్లు ఒక నిమిషం పది సెకన్లలో మొదలవుతాయి. ఒక నిమిషం తొమ్మిది.

ఇందుజ ఆపు అన్నచోట వేలితో పొడిచింది. ఓనరు ఫోను నుంచే కుదురుతుందని తెరమీద అక్షరాలు వచ్చాయి. ఓనరు తాడేపల్లిగూడెంలో ఉన్నాడు. చరణ్‌తేజకి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. నలభై రెండు. మామగారి ఫోనుకి చేసింది. తెరమీద ఆయన తల కూడా ఎత్తలేదు, చెయ్యి ఇంకా లోపలికి పోనిచ్చాడు. ఇరవై తొమ్మిది. తీగ పీకేస్తే బాక్సు ఆగుతుందా, లేక అందిన మాట ప్రకారం తిప్పేస్తుందా? చరణ్‌తేజ ఎప్పుడో చెప్పాడు గాని ఆమె సరిగ్గా వినలేదు. పీకితే ఇక ఆయన కనబడడు. పీకకపోతే చూస్తూ ఉండగానే అయిపోతుంది.

ఆమె తీగ పీకేసింది. తెరమీద బుచ్చిబాబు వంగినవాడు వంగినట్టే బిగుసుకుపోయాడు.

“ఏమైందే? అలా ఆగిపోయారేం?” అంది కామేశ్వరి. ఇందుజ ఫోను చేత్తో పట్టుకుని పెరటి గుమ్మంలోంచి పరుగెత్తింది. కాలువ ఒడ్డున నిలబడి మామయ్యగారూ అని గొంతు చించుకుని అరిచింది. పక్క చెరువులో డీజిలింజను డబడబలాడుతోంది, ఆ మోతలో ఆమె కేక ఆమెకే సరిగ్గా వినబడలేదు. కాలువలో దూకుదామంటే ఈత రాదు. వంతెన వైపు తిరిగింది.

ముసురుకి గట్టంతా జారుడు. చెప్పులు విడిచేసి పరుగెత్తింది, రెండుసార్లు పడి లేచింది. ఏరియేటర్ల హోరు వినబడుతుందేమోనని చెవులన్నీ అటే ఉన్నాయి. వినబడలేదు. వంతెన ఎక్కేసరికి కాస్త ఊపిరి వచ్చింది. తీగ పీకానుగా, ఆగిపోయే ఉంటుంది, అనుకుంది.

వంతెన దాటి అవతలి గట్టెక్కి సగం దూరం పోయాక చేతిలో ఫోను గొణిగింది. చెరువు కెమెరా కలిసింది అని ఉంది.

ఆమెకి క్షణం పాటు అర్థం కాలేదు. తరవాత ఒక్కసారిగా అర్థమైంది. అత్తగారు. ఏం జరుగుతోందో ఆవిడకి ఒక్క ముక్క చెప్పలేదు. మళ్ళీ పెట్టొద్దు అన్న రెండు మాటలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? భర్త బొమ్మ కళ్ళ ముందు బిగుసుకుపోతే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? కోడలు పెట్టడం చూసింది, తనూ పెట్టింది. అదెప్పుడు పెట్టిందో, మూడు నిమిషాల్లో ఎన్ని మిగిలాయో తెలియదు. ఇంటికి ఫోను చేసి చెప్పడానికి బురద వేళ్ళకి తెర పలకడం లేదు. భగవంతుడా, ఈ మనిషికి ఏమైనా అయితే నా నోటితో నేనే చంపినదాన్నవుతాను, అనుకుంటూ పరుగెత్తింది.

మకాంలోకి వచ్చి పడింది. పిడి ఆటో వైపే ఉంది. దాన్ని మాన్యువల్‌కి తిప్పితే ఆ క్షణమే తిరుగుతాయి గనక ముట్టుకోలేదు. గోడకున్న మెయిన్ హ్యాండిల్ రెండు చేతులా పట్టి లాగింది. కదల్లేదు. కాళ్ళు తడి, నేల తడి, తడితో ముట్టుకోవద్దని చరణ్‌తేజ వెయ్యిసార్లు చెప్పిన హ్యాండిల్. బాక్సులో టక్కుమంది. చెరువులో మోటార్లు గుర్రుమన్నాయి. ఇందుజ రెండు కాళ్ళూ నేల విడిచి, ఒళ్ళంతా దాని మీద వేలాడేసింది. హ్యాండిల్ కిర్రుమని దిగింది.

అంతా నిశ్శబ్దమైపోయింది. ఆమె గోడ వైపే తిరిగి నిలబడింది. చెరువు వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు. నీళ్ళ చప్పుడవుతోంది గాని అది మనిషి చప్పుడో, ఆగిపోతున్న చక్రాల చప్పుడో తెలియడం లేదు. మెడ తిప్పితే చాలు, కాని తిప్పలేకపోయింది.

“అమ్మాయ్.”

బుచ్చిబాబు గట్టెక్కి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. కుడిచేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది. నిక్కరు మీద నడుముకి చుట్టుకున్న తువ్వాలు లేదు. అది రెండో ఏరియేటరు రెక్కలకి చుట్టుకుని వేలాడుతోంది. ఆయన దించి ఉన్న హ్యాండిల్ చూశాడు, ఆటో వైపున్న పిడి చూశాడు, కోడలి మొహం చూశాడు.

“నెట్ వచ్చిందా అమ్మా?” అన్నాడు మెల్లగా.

“వచ్చిందండి.”

“నువ్వే పెట్టావా?”

“నేనేనండి,” అంది ఇందుజ. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. “ఆటో వైపు తిప్పమని చెప్పిందీ నేనేనండి మామయ్యగారూ.”

ఆయన ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగి, చొక్కా తొడుక్కుని, పొడుగు చేతులు దెబ్బ మీదికి దించి గుండీలు పెట్టుకోబోయాడు. గుండీ పట్టు చిక్కకపోతే వదిలేశాడు.

ఇంటికి వచ్చేసరికి కామేశ్వరి ట్యాబ్‌ని చంటిబిడ్డలా గుండెకి అదుముకుని పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

“ఏవండీ, ఎంత చక్కగా కనబడ్డారండీ. మధ్యలో ఆ తీగ ఊడిపోయి మీరు కొయ్యబొమ్మలా ఆగిపోతే నా ప్రాణం కొట్టుకుపోయిందనుకోండి. ఇదేమో చెప్పాపెట్టకుండా పరుగెత్తింది. ఇది ఎలా పెట్టిందో చూశాను కదా, నేనే పెట్టేశానండీ. కాసేపటికే మళ్ళీ వచ్చేశారు.” ఆవిడ ఆగి కళ్ళజోడు పైకి తోసుకుంది. “చివర్లో ఆ చక్రం కదిలిందేమిటండీ? మీరు వెనక్కి పడిపోయారు. ఆ తరవాత ఇదీ నల్లబడిపోయింది.”

బుచ్చిబాబు ఇందుజ వైపు చూశాడు. నేనే పెట్టానని ఆమె ఎందుకు ఒప్పుకుందో ఆయనకి అప్పుడు తెలిసింది. ఇందుజ తలదించుకుంది.

“కాలు జారిందే. అడుగునంతా పాకుడు,” అన్నాడు. “దాన్ని పట్టుకునే పడ్డాను గదా, అందుకని అదీ కదిలింది.”

“ఈ వయసులో నీళ్ళలో దిగొద్దంటే వినరు కదా,” అని విసుక్కుని కామేశ్వరి లోపలికి పోయి కాఫీ కలిపి తెచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని పొడి తువ్వాలు ఒళ్ళో వేసుకున్నాడు. గ్లాసు అందిస్తే చెయ్యి చాచలేదు.

“అక్కడ పెట్టవే. చల్లారాక తాగుతాను.”

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, తనూ కూర్చుని ట్యాబ్ తుడవడం మొదలుపెట్టింది. తువ్వాలు కింద ఆయన చేతులు రెండూ ఆగకుండా వణుకుతున్నాయి. ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఇందుజకి మాత్రమే అది కనబడుతోంది.

“ఇకనుంచి మీరు చెరువు దగ్గరున్నంతసేపూ ఇందులో చూస్తూనే ఉంటానండీ,” అంది కామేశ్వరి. “ఊడిపోయినా నాకు బెంగ లేదు. పెట్టడం వచ్చేసిందిగా.”

“అలాగే చూడు,” అన్నాడు బుచ్చిబాబు.