వంకాయరంగు కండె

గండయ్యలాంటి మొగుడు పగవాళ్లకు కూడా వద్దు. అసెంబ్లీలో సర్కారు పంతుళ్ల జీతాలు పెంచుతామన్న నాడు, ఆ వార్తను ఫోన్లో గట్టిగా పెట్టి చిట్యాలలో తమ వాడకట్టంతటికీ వినిపించాడు. జీతం పెరిగింది తమ్ముడి భార్య అఖిలకు. మీసం తిప్పింది ఈయన.

రాట్నం ముందు కూర్చున్న లీలమ్మ ఇదే తలపోస్తోంది. కుడిచేయి రాట్నం తిప్పుతుంటే, ఎడమచేతి రెండు వేళ్ల సందు నుంచి పట్టుదారం జారి చిన్న గొట్టానికి చుట్టుకుంటోంది. అదే కండె. దాన్ని మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టి గండయ్య అడ్డపోగు నేస్తాడు. దారం ఒరిసి ఒరిసి ఆ వేళ్ల సందున గీత పడి ఏళ్లయింది.

అఖిల డీఎస్సీకి చదివినన్నాళ్లూ ఇంటెడు వంట లీలమ్మే వండింది. పుస్తకం దించకుండా తింటుంటే పక్కన కూర్చుని ఈగలు తోలింది. ఆ నౌకరిలో తన పచ్చిపులుసు కూడా ఉందని ఆమె లెక్క. శాసనసభలో ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు.

ఇన్నాళ్లూ కేతేపల్లి బడికి బస్సులో పోయివచ్చిన అఖిలకు, ఇప్పుడు భర్త విజేందర్ పనిచేసే ఆత్మకూర్ వైపు బదిలీ అయింది. ఈ సాయంత్రమే ప్రయాణం. కొత్త బడికి మొదటిరోజు కట్టుకుపోవాలని గండయ్య ఆమెకు వంకాయరంగు చీర నేస్తున్నాడు. లీలమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఒక చీర అడిగితే, మగ్గం మీదిది అమ్మకానికే గాని ఆలికి కాదన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు, మరిచిపోనూ లేదు.

ఇంకా కొంగు నేయడం మిగిలి ఉంది. లీలమ్మ లేచి, మూలనున్న గంపలోంచి పాత అద్దకం దారం తీసింది. అదీ వంకాయరంగే. మగ్గం గదిలో ట్యూబులైటు కింద రెండూ అక్కాచెల్లెళ్లు, ఎండలోకి వస్తే సవతులు. ఏ నేతగాడి పెళ్లాన్నడిగినా చెబుతుంది. తెలిసే చుట్టింది, ఒక్క కండె. కొత్త బడిలో ఎవరో ఒకరు కొంగు పట్టుకుని ఇదేంది గిట్లుందని అడగాలి. అంతకు మించి ఆశ లేదు.

మధ్యాహ్నం దాటాక గండయ్య చీర కోసి, మడతపెట్టడానికి వాకిట్లోకి తెచ్చాడు. కొంగు పరిచి ఆగిపోయాడు. రెండు వేళ్ల వెడల్పున చార తేలింది. తువ్వాలతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. మెల్లగా అరుగు మీద కూలబడి, చీర కోసం వచ్చిన అఖిల వైపు తలెత్తాడు.

"గిది కట్టకు బిడ్డా. నాకు రంగు ఆనుతలేదు. ఇగ మగ్గం దించుత."

ముఖం చిన్నబోతే చూడాలనుకున్నది అఖిలది. చిన్నబోయింది గండయ్యది. ఎదురుచూసిన వేడుక కదా, లీలమ్మ తల తిప్పుకుంది.

అఖిల మాత్రం చీర లాక్కుని సంచిలో పెట్టుకుంది. "ఎవరన్న అడిగితే కొత్త డిజైన్ అంట బావా. మా బావ తప్ప ఇంకెవ్వరు నేయరంట."

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చింది. పోయొస్త అక్కా అని అఖిల చేయి పట్టుకుంటే, వేళ్ల సందు గీత దగ్గర లీలమ్మకు చురుక్కుమంది. తలూపింది, అంతే. ఆటో హైవే వైపు మళ్లింది.

లోపల గండయ్య, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి దిగలేదు. అంచు మీద కూర్చుని, ఇంకా రెండు చీరలకు సరిపడా నిలువు పోగుల పడుగు మగ్గం మీద ఉండగానే, దాన్ని కోసేయడానికి కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. లీలమ్మ వెళ్లి ఆ చేయి పట్టుకుంది.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయ్. పాత దారం నేనే కలిపిన, ఓర్వలేక. తప్పు నాదే."

ఆయన కత్తెర కింద పెట్టాడు. మగ్గం మీద నాడెలో, సగం మిగిలిన కండె నుంచి వంకాయరంగు పోగొకటి వేలాడుతోంది.