ఎవరికీ ఏమీ కాలేదన్న ఫోటో

పాత తపాలా కార్యాలయంలో ఫోటోల ప్రదర్శన పెట్టారని విని, బడి వంటశాలలో పని ముగించుకుని వెర్డెల్ అటు వెళ్లింది. ఆమెకు అరవై ఒకటి. ఫోటోలు యాభై ఏళ్ల కిందటివి. అమెరికాలోని దక్షిణ ఇల్లినాయ్‌లో పెద్ద రోడ్డు వేసేటప్పుడు దాని పక్కనే పట్టాలు పరిచి, ఇసుకా సిమెంటూ మోసిన చిన్న రైళ్లవి. రోడ్డు పూర్తికాగానే పట్టాలు పీకేశారు.

ఏడో ఫోటోలో రైలు బోల్తాపడి ఉంది. కింద కార్డు మీద టైపు కొట్టి ఉంది: "పట్టాలు తప్పిన రైలు. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు."

వెర్డెల్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఎవరయ్యా ఇది రాసింది?"

ప్రదర్శన చూసుకునే హార్లన్ కెక్ పరుగున వచ్చాడు. ముప్పై దాటని తెల్ల కుర్రాడు.

"నేనేనమ్మా. కంపెనీ కాగితాల్లో అలాగే ఉంది."

"ఆ పెట్టె కింద నలిగి చచ్చిపోయింది మా నాన్న. రూఫస్ టాలివర్. బ్రేకు తిప్పేవాడు. ఆయనకు మొక్కజొన్న రొట్టె పట్టుకెళ్లి, నా కళ్లతో నేను చూశాను. నాకప్పుడు పదకొండేళ్లు."

"మీరు అబద్ధం చెబుతున్నారనను. కానీ ఏదైనా ఆధారం..."

"ఆధారమా? ఇటు రా. ఆ నిలబడ్డవాళ్ల టోపీలెక్కడున్నాయో చెప్పు."

కెక్ వంగి చూశాడు. పద్నాలుగు మంది నల్ల కూలీలు. అందరి టోపీలూ చేతుల్లోనే ఉన్నాయి. తెల్ల మేస్త్రీ ఒక్కడికే నెత్తిన ఉంది.

"చనిపోయినవాడి ముందే కదా టోపీ తీసేది? ఇసుక ఒలికిపోయిందని తీశారంటావా? జూలై ఎండలో?"

కెక్ నిటారుగా నిలబడ్డాడు. "వచ్చే నెల ప్రదర్శన కమిటీ కూర్చుంటుంది, అప్పుడు..."

"యాభై ఏళ్లు చాలలేదా నీ కమిటీకి?"

వెర్డెల్ ఆ కార్డు పీకి నాలుగు ముక్కలు చేసింది.

"అమ్మా! పోలీసుల్ని పిలవాల్సొస్తుంది."

"పిలువు. వాళ్లనీ చూడమంటాను ఆ టోపీలు."

కెక్ ఫోను వైపు చూశాడు. చివరికి టైపు మిషను ముందు కూర్చున్నాడు. కొట్టి ఇచ్చిన కార్డు మీద "రూఫస్ ఆలివర్" అని ఉంది. వెర్డెల్ దాన్ని ఉండచుట్టి అతని ఒళ్లో పడేసింది.

"టాలివర్! మనిషిని ఎలాగూ మిగల్చలేదు. పేరైనా సరిగ్గా కొట్టు."

రెండోసారి పేరు సరిగ్గానే వచ్చింది. కానీ "ప్రమాదవశాత్తూ" అని చేర్చాడు.

"ఇదెవరు చెప్పారు నీకు? పట్టాల కింద చెక్కలు పుచ్చాయని మా నాన్న మూడుసార్లు మొత్తుకున్నాడు. నోరు మూసుకుని బండెక్కమన్నాడు మేస్త్రీ."

మూడోసారి ఆమె చెప్పిందే, ఒక్క మాటా మార్చకుండా కొట్టి, కెక్ తన చేత్తోనే ఫోటో కింద గుచ్చాడు.

"క్షమించండమ్మా."

"నన్నడిగి ఏం లాభం?" అని వెర్డెల్ బయటికి వచ్చేసింది. పేరు ఎక్కితే కోపం చల్లారుతుందనుకుంది. మెట్లు దిగేసినా చల్లారలేదు.

మర్నాడు బడికి వెళ్తూ కిటికీ అద్దంలోంచి లోపలికి చూసింది. కార్డు అక్కడే ఉంది. ప్రదర్శన ఎత్తేసేదాకా ఆమె ఒక్కరోజు కూడా చూడకుండా వెళ్లలేదు.