పదివేల ఏడు మొక్కలు

పొద్దున్నే చద్దన్నం తిని చేనుకు పోవడం, తెగులు పట్టిన మొక్కలు పీకి గట్టున పారేయడం శివపార్వతి రోజూ చేసే పని. పీకిన చోట మళ్ళీ నారు నాటే పని లేదు. ప్రత్తిపాడు పక్కనున్న ఆ ఎకరం మిరప చేలో ఎప్పుడూ పదివేల ఏడు మొక్కలే ఉండేవి. మూడు పీకితే తెల్లారేసరికి మూడు లేచేవి, అదీ పూతతో సహా. ఊళ్ళో ఎవరూ దాన్ని వింతనుకోలేదు. పురుగుమందు కొట్టుకోవడానికే పొద్దు చాలనివాళ్ళకి ఆశ్చర్యపోయే తీరికెక్కడిది?

భర్త పోయిన ఏడాదికి, తొంభై తొమ్మిదిలో, మరుదులు చెంచురామయ్య, యలమంద పంపకాలన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ అన్నదమ్ములు వదినను వెళ్ళగొట్టే దగ్గర మాత్రం ఒక్కటయ్యారు. చేను సగం నల్లరేగడి, సగం చవుడు. అందుకని నేల కొలవకుండా మొక్కలు లెక్కేసి పంచుకుందామన్నారు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

“మూడు వాటాలేస్తే రెండు మిగులుతున్నాయి. మూడుతో పోదు వదినా, నీకు వాటా లేదు,” అన్నాడు రామయ్య.

“రెండుతో మాత్రం పోతుందా?” అంది పార్వతి.

లెక్క చూడ్డానికి పిలిపించిన హైస్కూలు లెక్కల టీచరు రెబ్కా తల అడ్డంగా ఊపింది. “అది ప్రధాన సంఖ్యండీ. ఒకటితో పోతుంది, లేదంటే తనతో తనే పోతుంది. ఇంక దేంతోనూ పోదు. దాంతో పెట్టుకోకండి.”

“మీ బళ్ళో చెప్పుకోండి టీచరుగారూ!” అని కసిరాడు యలమంద. అన్నదమ్ములు చెరో ఐదువేల మూడు తీసుకున్నారు. మిగిలిన ఒక్క మొక్కను కాలితో చూపించి, “ఇదిగో, నీ మొగుడి వాటా. పట్టుకుపో,” అన్నాడు యలమంద.

పార్వతి ఆ మొక్కను మట్టితో సహా పెళ్ళగించి, పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంలో నాటింది. గడ్డి కూడా మొలవని నేల అది. చెంబెడు నీళ్ళు పోసి, ఇద్దర్నీ తిట్టుకుంటూ ఇంటికొచ్చింది.

తెల్లారి చూస్తే అన్నదమ్ముల చేలో వట్టి మట్టి తప్ప ఏమీ లేదు. పార్వతి ఎకరం నిండా మిరపే, సాలు తప్పకుండా, కాయ ఎర్రగా పండి ఉంది.

ఇద్దరూ కర్రలు పట్టుకొచ్చారు. “మా మొక్కలు కాజేశావే!” అని అరిచాడు యలమంద.

“పీక్కుపొండి,” అంది పార్వతి.

పీక్కుపోయారు. పొద్దుగూకేదాకా మోసి తమ చేలో నాటుకున్నారు. తెల్లారేసరికి అన్నీ ఆమె చేలోనే ఉన్నాయి. మూడు రోజులు అదే తంతు. నాలుగోనాడు రామయ్య కర్ర గట్టున పడేసి నసిగాడు, “వదినా, పోనీ మూడు వాటాలేద్దామా?”

“మూడుతో పోదన్నావుగా రామయ్యా,” అంది పార్వతి. కొంగు నడుముకి బిగించి కోతకి వంగింది.