వంటింట్లో వైర్‌లెస్

డబ్బాల మీది కాగితాలు ఊడబీకడం ఆమె పని. నెలల తరబడి సముద్రం మీద ఉండే మనిషికి తిండి డబ్బాల్లోనే వెళ్తుంది. పడవ అడుగున చెమ్మకి ఆ కాగితాలు నాని, ఊడి, నీళ్లు తోడే పంపులో ఇరుక్కుంటాయి. పంపు ఆగిందంటే పడవలోకి నీళ్లు చేరతాయి. అందుకని బయల్దేరే ముందే ప్రతి డబ్బానీ నానబెట్టి, కాగితం ఒలిచి, పొడిగుడ్డతో తుడిచి, మూత మీద రంగుతో గుర్తు వేయాలి. బఠాణీకి చుక్క, చేపకి గీత, తీపి పండు ముక్కలకి సున్నా. ఆమె పెరట్లో రేకు తొట్టె ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. తొట్టెలో టమాటాల బొమ్మలు, చేపల బొమ్మలు మెల్లగా తేలుతున్నాయి.

"శుభ్రంగా ఉన్న బొమ్మలన్నీ పీకేసి, ఏది కూరో ఏది పండో తెలీకుండా చేస్తావేంటమ్మా," అంది అత్తగారు గుమ్మంలోంచి.

ప్రతి ప్రయాణం ముందూ ఆవిడ ఆ మాట అంటుంది. ప్రతిసారీ ఆమె పంపు సంగతి చెబుతుంది. ప్రతిసారీ ఆవిడ "ఏమో మరి, మీ చాదస్తాలు మీవి" అనుకుంటూ లోపలికి వెళ్లిపోతుంది.

ఆమె భర్తని ఊళ్లో ఒంటరి కెప్టెన్ అంటారు. చిన్న తెరచాప పడవలో, తోడు ఎవరూ లేకుండా, భూమి చుట్టూ ఒకసారి తిరిగొచ్చిన మనిషి. ఈసారి అదే దారిలో ఎదురు దిక్కున, గాలికి ఎదురుగా వెళ్తానంటున్నాడు. బళ్లలో, క్లబ్బుల్లో పిలిచి మాట్లాడిస్తారు. బాగా చెబుతాడు కూడా. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి నీళ్లు తాగాలో ఆయనకి తెలుసు. ఆమె రెండో వరసలో కూర్చుంటుంది. మొదటి వరస పెద్దవాళ్లకి.

ఆ ప్రసంగంలో ఆమె రెండుసార్లు వస్తుంది. రెండుసార్లూ జనం నవ్వుతారు.

మొదటిది ఆయన పుట్టినరోజు కథ. సముద్రం మధ్యలో, చుట్టూ మనిషన్నవాడు లేనిచోట, పండగలాగా తీపి పండ్ల డబ్బా తెరుద్దామని సున్నా గుర్తు ఉన్నది తీసి తెరిస్తే, లోపల చప్పటి బీన్స్. ఇంకోటి తెరిస్తే మళ్లీ బీన్స్. "చూశారా, అంత దూరం పారిపోయినా మా ఆవిడ వంట నన్ను వదల్లేదు!" అంటాడు. హాలంతా ఘొల్లుమంటుంది. నిజానికి ఆ పెట్టెలో డబ్బాలకి గుర్తులు వేసింది ఆయనే. ఆ సాయంత్రం ఆమెకి జ్వరంగా ఉంటే, "ఇదో పెద్ద విద్యా, ఇటివ్వు" అని తీసుకుని, బీన్స్‌కి కూడా సున్నాలే చుట్టాడు. ఈ సంగతి హాల్లో ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకి కూడా ఇప్పుడు గుర్తుండి ఉండదని ఆమె అనుకుంటుంది. చెప్పగా చెప్పగా కథ గట్టిపడిపోయింది.

రెండోది వికారం కథ. "మా ఆవిడకి సముద్రం పడదండీ. పెళ్లయిన కొత్తలో ముచ్చటపడి పడవెక్కించాను. గట్టు కనిపిస్తుండగానే మొదలెట్టింది వాంతులు! ఆ రోజే తెలిసిపోయింది, నా రాత ఒంటరి ప్రయాణమేనని." జనం మళ్లీ నవ్వుతారు. కొందరు వెనక్కి తిరిగి ఆమెని జాలిగా చూస్తారు. ఆమె కూడా చిన్నగా నవ్వుతుంది, నవ్వకపోతే బాగుండదు కనుక. ఆ రోజు ఆమె కడుపులో ఉన్న పిల్లకి ఇప్పుడు ఉద్యోగం, వేరే ఊళ్లో సొంత గది. వాంతులు పిల్ల వల్లనని ఆ మర్నాడే డాక్టరమ్మ చెప్పింది, ఆయన విని సంతోషించాడు కూడా. కానీ సముద్రం పడదన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమె తండ్రి పడవలు చేసే వడ్రంగి. నడక వచ్చిన కొద్దికాలానికే చుక్కాని పట్టించాడు. గాలి ఎటు తిరుగుతుందో చెంపతో తెలుసుకోవడం తండ్రి దగ్గర నేర్చుకున్నదే. ఆ సంగతులన్నీ ఉన్నా, ఒకే మాట ఇరవై ఏళ్లు పదిమందిలో వింటూ ఉంటే, మనిషి తన ఒంటిని తనే అనుమానించడం మొదలుపెడుతుంది. ఇప్పుడు పడవెక్కితే నిజంగానే తిప్పుతుందేమోనని ఆమెకే అనిపించేది.

మూడో సంగతిలో ఆమె ఉండదు. అక్కడ ఆయన గొంతు బాగా తగ్గిస్తాడు. "దక్షిణాన పెద్ద తుఫాను పుట్టింది. నాకు తెలీదు. ఆ ఉదయం ఎందుకో నా మనసు ఉత్తరానికి తిరగమంది. తిరిగాను. బతికాను." హాల్లో చప్పుడుండదు.

ఆ మనసు వంటింట్లో ఉండేది. పోపుల డబ్బాల పై అరలో వైర్‌లెస్ సెట్టు, దాని తీగ కిటికీలోంచి బయటికి వెళ్లి బట్టలారేసే తాడు పక్కనే పెరటి గోడ దాకా ఉండేది. తడిబట్ట తగిలితే సెట్టులో గరగర వస్తుంది గనక మాటలయ్యేదాకా బట్టలు ఆరేయకూడదు. "నా కొడుకు సముద్రంలో ఉన్నన్నాళ్లూ నా బట్టలకి ఎండ లేదు," అనేది అత్తగారు. ఆమె పొద్దున్నే రేవు ఆఫీసుకి ఫోన్ చేసి గాలివాటం అడిగి, పటం మీద గీతలు గీసి, ఎక్కడ గీతలు దగ్గరపడి గాలి ముదురుతోందో చూసి, ఆయనకి దారి చెప్పేది. ఉత్తరానికి తిరగమని ఆ రోజు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. "నీకేం తెలుసు అక్కడ కూర్చుని," అన్నాడు రెండుసార్లు. మూడోసారికి తిరిగాడు.

తన మాట ఆయన మనసుగా మారిపోయిందని మొదటిసారి విన్నప్పుడు ఆమెకి కోపం రాలేదు. తన దుప్పటి ఎవరి పెరట్లోనో ఆరేసి ఉంటే గుర్తుపట్టినట్టు అనిపించింది, అంతే.

వైర్‌లెస్‌కి ఒక పద్ధతి ఉంది. సముద్రం మీద ఉన్న మనిషి ముందుగా తానెక్కడున్నదీ చెప్పాలి. మాట ఎప్పుడు తెగిపోతుందో తెలీదు. ఏదైనా అయితే వెతికేవాళ్లకి కనీసం ఎక్కడ వెతకాలో తెలియాలి. అందుకే ప్రతి ఉదయం ఆయన గొంతు ఒకే మాటతో మొదలయ్యేది: "ముందు నా పొజిషన్ రాసుకో." ఆమె రాసుకునేది. తర్వాత అలలు, విరిగినవి, తిన్నవి, నిద్ర చాలకపోవడం. తర్వాత ఆమె వాతావరణం. చివర్లో, "అక్కడంతా మామూలే కదా, ఓవర్" అనేవాడు. ఓవర్ అంటే ఇక నువ్వు చెప్పు అని; జవాబు చెప్పేలోపు గొంతు వెళ్లిపోయేది. ఆమె తండ్రి పోయిన రోజు ఉదయం కూడా గాలివాటం చదివింది. ఒంటరిగా ఉన్న మనిషిని కంగారు పెట్టకూడదని అందరూ చెప్పారు. తర్వాత తెలిసినప్పుడు ఆయన, "అప్పుడే చెప్పాల్సింది," అన్నాడు. ఆ తర్వాత, "అయినా మామూలేనన్నావుగా," అన్నాడు. ఆ మాట ఆమె అనలేదు. ఆ రోజు కూడా జవాబు చెప్పేలోపే గొంతు వెళ్లిపోయింది.

ఇక తెరచాపలు. రేవు వెనక పొడుగాటి షెడ్డులో ఆమె తెరచాపలు కుడుతుంది. అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, మైనం పూసిన దారంతో, నేల మీద మోకాళ్లతో జరుగుతూ కుట్టాలి. షెడ్డు యజమాని మంచివాడే. "కెప్టెన్‌గారి భార్య కాలక్షేపానికి వస్తుంటారు," అని వచ్చినవాళ్లకి చెబుతాడు. కాలక్షేపం మోకాళ్ల మీద నల్లగా కాయలు కాసింది.

ఆ షెడ్డుకే చిరిగిన తెరచాప చుట్ట ఒకటి భుజాన వేసుకుని వచ్చింది పొట్టి కెప్టెన్. రేవులో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. ఆవిడా అలాగే పలుకుతుంది. ఇతరుల పడవల్ని ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి చేర్చడం ఆవిడ వృత్తి. ఆమె కుడుతుంటే పక్కనే బోర్లించిన బకెట్ మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"వచ్చే నెల ఒక పడవని సముద్రం దాటించాలి. నాతోపాటు ఇంకో మనిషి కావాలి. వస్తావా?"

"నాకు సముద్రం పడదంటారు," అంది ఆమె.

"ఎవరు? సముద్రమా?"

ఆమెకి నవ్వొచ్చింది.

"పడవ నడపడం వచ్చని తెలుసు నాకు. మీ నాన్న చేసిన పడవలు నడిపినదాన్ని. నిద్ర ఆపుకోగలవా? నువ్వు నాలుగు గంటలు మేలుకోవాలి, నేను నాలుగు గంటలు."

"ఇద్దరం వంతులేసుకుంటామా?" అంది ఆమె. వంతులన్న మాట వింతగా తోచింది. ఇంట్లో ఎప్పుడూ వినని మాట. "ఆలోచించి చెబుతా," అంది. ఆ మాట అంటున్నప్పటికే సూది ఆగిపోయి ఉంది.

ఆలోచించాల్సిన సంగతి ఒక్కటే. ఆయన అప్పటికి సముద్రం మీద ఉంటాడు. ఉదయం ఆయనకి దారి చెప్పేదెవరు? పొట్టి కెప్టెన్ పడవలో వైర్‌లెస్ ఉందా అని మర్నాడు వెళ్లి అడిగింది. మీ వంటింట్లో ఉన్నదానికన్నా మంచిదే ఉంది, గాలి పటాలు కూడా దానంతటదే గీసిస్తుంది అంది ఆవిడ. అయితే వస్తానంది ఆమె.

ఆయనకి చెప్పింది. దాచలేదు. మొదటిసారి డబ్బాలు తుడుస్తూ చెప్పింది. "నేనూ వెళ్తున్నానండీ, పొట్టి కెప్టెన్‌తో." ఆయన పటం మీదికి వంగి ఉన్నాడు. "ఆఁ, వెళ్లు. వచ్చేటప్పుడు టార్చిలోకి బ్యాటరీలు పట్రా." రెండోసారి స్నేహితులు వచ్చినప్పుడు, కాఫీలు ఇస్తూ చెప్పింది. ఈసారి విన్నాడు. "విన్నార్రా! మా ఆవిడ సముద్రం దాటుతుందట! బకెట్లు ఎన్ని కావాలో?" అని వికారం కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. మూడోసారి రేవులో, ఫొటోలు తీసేవాళ్ల మధ్య, ఆయన పడవలోకి దిగుతుంటే చెప్పింది. "వచ్చే నెల నేను ఇంట్లో ఉండనండీ." ఆయన కెమెరాల వైపు చెయ్యి ఊపుతూ, "ఉదయం కాల్ మాత్రం మర్చిపోకు," అన్నాడు.

"మర్చిపోను," అంది.

అత్తగారికి చెప్పడానికే ఎక్కువ భయపడి, ప్రయాణం వారంలోకి వచ్చేదాకా ఆగింది. "నన్నెవరు చూస్తారు?" అంటుందనుకుంది. ఆవిడ ఉతికిన బట్టల బకెట్‌ని పెరట్లో తాడు కింద దింపింది.

"వాడు వెళ్లినప్పుడల్లా నన్నెవరు చూస్తారని ఎవరూ అడగలేదు. నువ్వు వెళ్తుంటే అడగాలా ఏంటి? మా చెల్లెలింటికి పోతాను. ఎప్పట్నుంచో రమ్మంటోంది. నువ్వొక్కదానివే అయిపోతావని ఉండిపోయాను గానీ, ఈ ఇల్లు నాకూ విసుగే." తర్వాత తీగ వైపు చూసింది. "ఈ తాడు ఇక నాదేనా?"

"మీదే అత్తయ్యా."

"అయితే సరే," అని దుప్పటి ఒకటి దులిపి అడ్డంగా, తీగ మీదుగా వేసేసింది.

ఆ వారమే వాళ్లిద్దరి పడవ బయల్దేరింది. మొదటి రోజంతా ఆమె వికారం కోసం ఎదురుచూసింది. ఒక బకెట్ కూడా కాళ్ల దగ్గర పెట్టుకుంది. గట్టు కనిపించకుండా పోయింది. అల పెరిగింది. పడవ ఒక పక్కకి వాలి పరుగెత్తింది. చేతిలో చుక్కాని చిన్నప్పటిలాగే లాగుతోంది. వికారం రాలేదు. ఆకలి వేసింది. లోపల వెతికి, మూత మీద తాను సున్నా చుట్టిన డబ్బా తెరిచింది. పండు ముక్కలే. రసంతో సహా తినేసి, బకెట్‌ని కడిగిన గిన్నెలు పెట్టుకోవడానికి లోపలికి ఇచ్చేసింది.

"నువ్వు తిన్నదే నాకూ ఒకటి తెరువు," అంది పొట్టి కెప్టెన్, తన వంతు నిద్రకి పోబోతూ.

ఉదయం ఆమె వంతు. గాలి వీపు వైపు నుంచి నిలకడగా వస్తోంది. ఆయనకి చెప్పాల్సిన వాతావరణం చూసి సిద్ధంగా పెట్టుకుంది. పడమట నుంచి ముసురు వస్తోంది, కాస్త దక్షిణానికి జరిగితే తప్పించుకోవచ్చు. ఆయన ఎప్పుడూ పిలిచే వేళకి సెట్టు గరగరమంది.

"వినిపిస్తోందా? ఓవర్."

"వినిపిస్తోందండీ."

"ఏంటా చప్పుడు? ఏదో కొట్టుకుంటున్నట్టు. వంటింటి కిటికీ వేసుకోలేదా? ఓవర్."

ఆమె తలెత్తి చూసింది. తాను కుట్టిన తెరచాప అంచు గాలికి టపటపలాడుతోంది. తాడు కొంచెం బిగించింది. చప్పుడు ఆగింది.

"సరే, టైం లేదు, ఇక్కడ అలలు ఎక్కువగా ఉన్నాయి. ముందు నా పొజిషన్ రాసుకో. ఓవర్."

ఆమె పటం మీద తాను వేసుకున్న గుర్తు వైపు చూసి, ఒక చెయ్యి చుక్కాని మీదే ఉంచి, ఇంకో చేత్తో బటన్ నొక్కింది.

"రాసుకుంటానండీ," అంది. "ముందు నా పొజిషన్ రాసుకోండి."